గట్టి విదేశీ కలపతో కలాల తయారీ: పైపూత లోపాలు, కారణాలు, నివారణ

సారాంశం

కొకోబోలో, పడౌక్, వెంగే, ఎబొని వంటి ఉష్ణమండల కలపను లేత్‌పై తిప్పి కలాలు తయారుచేసేటప్పుడు పైపూత ఆరకపోవడం, పొరలుగా లేవడం, రంగు పారడం, సన్నని పగుళ్లు ఏర్పడడం తరచుగా ఎదురయ్యే సమస్యలు. వీటిని పూత నాసిరకం కావడం వల్ల వచ్చిన లోపాలుగా భావించి, దానిపైనే మరో పూత వేయడం పరిపాటి. ఈ లోపాలలో అధికభాగం కలపలోని చేవ పదార్థాలు, రంధ్రాల అమరిక, తేమ అనే మూడు గుణాల వల్ల, పూత వేయడానికి ముందే నిర్ణయమవుతాయి. ఆ మూడింటినీ ముందుగా గుర్తించే సులభ పరీక్షలు, వాటికి తగిన పూతను ఎంచుకొనే విధానం ఈ వ్యాసంలో వివరించబడినాయి.

ముఖ్య పదాలు: చేవ, నిష్కర్షకాలు, సమతుల్య తేమ, లక్క, సయనోఅక్రిలేట్, పైపూత

ప్రస్తావన

అమెరికా, బ్రిటన్ తదితర దేశాలలో లేత్‌పై కర్ర కలాల తయారీ అభిరుచిగానూ, గృహ పరిశ్రమగానూ వ్యాపించింది. ఒక కలానికి సుమారు 19 మి.మీ. చదరం, 125 మి.మీ. పొడవు గల దిమ్మె సరిపోతుంది. దాని ఘనపరిమాణం సుమారు 45 ఘన సెంటీమీటర్లు మాత్రమే. గృహోపకరణాల తయారీలో వ్యర్థంగా మిగిలే ముక్క నుండి కూడా విలువైన వస్తువు తయారు కాగలదు. అందువల్లనే అరుదైన, ఖరీదైన కలపకు ఈ రంగంలో గిరాకీ ఎక్కువ.

తెలుగునాట లేత్ పనికి ఏటికొప్పాక లక్కబొమ్మలు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ వాడే అంకుడు కర్ర లేతవర్ణంతో, సన్నని సమమైన నారతో, మెత్తగా ఉంటుంది. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఒత్తినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి ఉపరితలంపై సమంగా పరుచుకొంటుంది. ఇటువంటి అనుకూలమైన కర్రకు అలవాటుపడిన వ్యక్తి అదే పద్ధతిని గట్టి విదేశీ కలపకు యథాతథంగా వర్తింపజేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. కలప విలువ జోడింపుపై శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ భేదానికి గల కారణాలను తెలిసికొనుట అవసరం. కలం అమ్ముడైన కొన్ని వారాలకు పూత లేచిపోతే నష్టపోయేది ఒక్క దిమ్మె మాత్రమే కాదు. తయారీదారుపై కొనుగోలుదారుకు గల నమ్మకం కూడా పోతుంది.

కలం నిర్మాణం: సమస్యకు మూలం

దిమ్మెను నిలువునా డ్రిల్లు చేసి, ఆ రంధ్రంలో ఇత్తడి గొట్టాన్ని జిగురుతో అమర్చుతారు. సన్నరకం కలాలలో ఈ గొట్టం వ్యాసం 7 మి.మీ. ఉంటుంది. అనంతరం దిమ్మెను ఇరుసుపై బిగించి, రెండు చివరల ఉండే బుష్‌ల కొలతకు వచ్చేవరకు ఉలితో చెక్కుతారు. పని పూర్తయ్యేసరికి చివరల వద్ద కర్ర మందం ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది.

ఇందువల్ల మూడు పరిణామాలు కలుగుతాయి. మొదటిది, ఇంత పలుచని కర్ర రాపిడి వేడిని త్వరగా గ్రహిస్తుంది. రెండవది, చుట్టుకొలత దిశలో కర్ర కుంచించుకోదలచినా లోపలి ఇత్తడి గొట్టం అడ్డుకొంటుంది. మూడవది, కలం నిరంతరం చేతిలో ఉండే వస్తువు. చెమట, చర్మపు నూనె, ఒరిపిడి పూతపై నిత్యం పనిచేస్తూ ఉంటాయి. బల్ల మీద నిలిచిన పూత కలం మీద నిలవకపోవడానికి ఇవే కారణాలు.

చేవ పదార్థాలు: పూత ఆరకపోవడం, లేచిపోవడం

చెట్టు వయసు పెరిగేకొద్దీ మధ్యభాగంలోని కణాలు జీవం కోల్పోయి చేవగా మారతాయి. ఆ సమయంలో ఫినాల్ సమ్మేళనాలు, క్వినోన్లు, రెసిన్లు, మైనపు పదార్థాలు, నూనెలు చేవలో చేరతాయి. ద్రావణుల సాయంతో వెలికితీయగలిగిన ఈ పదార్థాలకు నిష్కర్షకాలు అని పేరు. చెదలకు, శిలీంధ్రాలకు చేవ లొంగకపోవడానికి ఇవే ఆధారం. అదే పదార్థాలు పైపూతకు ప్రతిబంధకాలవుతాయి.

మధ్య అమెరికాకు చెందిన కొకోబోలో, అనగా డాల్బెర్జియా రెటూసా, ఇందుకు చక్కని ఉదాహరణ. అవిసె నూనె ఆధారిత వార్నిష్ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, స్వేచ్ఛా రాడికల్ గొలుసు చర్య ద్వారా గట్టిపడుతుంది. కొకోబోలోలోని ఫినాల్ సమ్మేళనాలు ఆ రాడికల్స్‌ను పట్టివేసి గొలుసును తెంచివేస్తాయి. వంటనూనె మక్కు వాసన పట్టకుండా కలిపే యాంటీఆక్సిడెంట్లు చేసే పని కూడా ఇదే. అందువల్ల కొకోబోలోపై వేసిన నూనె వార్నిష్ రోజుల తరబడి జిడ్డుగానే ఉండిపోవచ్చు. అటువంటి పూతపై మరో పూత వేయడం వల్ల ప్రయోజనం లేదు. అడుగు పొర ఆరనంతవరకు పై పొర నిలవదు. జిట్రేగితో సహా ఇదే ప్రజాతికి చెందిన ఇతర కలపలోనూ ఈ స్వభావం ఎక్కువ తక్కువలతో కనిపిస్తుంది.

లిగ్నమ్ వైటే కలపలో సమస్య మరొక విధమైనది. ఆ కలప నీటిలో మునిగేంత బరువైనది, రెసిన్ అధికం. శాండ్ పేపరుతో రుద్దినప్పుడు వేడికి రెసిన్ పైకి వచ్చి ఉపరితలాన్ని మైనం పూసినట్లు చేస్తుంది. పూత అంటుకొన్నట్లు కనిపించినా, అది కర్రను గాక రెసిన్ పొరను పట్టుకొని ఉంటుంది. గోరుతో గీరితే పొరగా ఊడివస్తుంది.

నివారణకు ఉపరితలాన్ని అసిటోన్‌తో తుడవడం సాధారణ పద్ధతి. తుడిచిన తరువాత కొంతకాలానికి లోపలి నూనెలు తిరిగి పైకి చేరతాయి. కాబట్టి తుడిచి, ద్రావణి పూర్తిగా ఆవిరైన వెంటనే మొదటి పూత వేయవలెను. ఉదయం తుడిచి సాయంత్రం పూత వేయడం నిష్ప్రయోజనం. గొట్టాన్ని అమర్చేటప్పుడు రంధ్రం లోపలి గోడను కూడా ఇదేవిధంగా తుడవాలి. ఇత్తడి గొట్టాన్ని గరుకు చేసి ఎపాక్సీ వాడడం మేలు.

రంగు పారడం

ఆఫ్రికా పడౌక్, అనగా టెరోకార్పస్ సోయాక్సీ, మన ఎర్రచందనానికి జ్ఞాతి. రెండింటిలోనూ శాంటాలిన్ వర్గపు ఎర్ర వర్ణకాలు ఉంటాయి. ఇవి నీటిలో దాదాపు కరగవు. స్పిరిట్‌లో సులభంగా కరుగుతాయి. పడౌక్ పక్కన మేపుల్ వంటి తెల్లని కర్రను అతికించి చేసిన కలంపై స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డతో రుద్దితే, ఎరుపు తెల్లని భాగంలోకి పాకుతుంది. అసిటోన్‌తో తుడిచినా అదే జరుగుతుంది. ఎబొని నల్లపొడి, కొకోబోలో నారింజ పొడి కూడా పక్క కర్ర రంధ్రాలలో చేరి మురికిగా కనిపిస్తాయి.

ఇక్కడ రెండు సూత్రాలు పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. నూనె గల కలపను ద్రావణితో తుడవాలి; రంగు గల కలపను ద్రావణితో తుడవరాదు. పడౌక్‌లో నూనె సమస్య స్వల్పం కనుక తుడవకుండా, పొడిని గాలి ఒత్తిడితో ఊదివేయడం సరిపోతుంది. కొకోబోలోను లేత కర్రతో జతపరచినప్పుడు, గుడ్డను లేత కర్ర వైపు నుండి ముదురు కర్ర వైపునకు మాత్రమే కదిలించాలి. ప్రతిసారీ గుడ్డలోని శుభ్రమైన భాగాన్ని వాడాలి. మొదటి పూతను రుద్దకుండా పలుచగా పిచికారీ చేస్తే వర్ణకం కదలడానికి అవకాశం తగ్గుతుంది.

రంధ్రాలు, అల్లుకొన్న నార

కాంగో పరీవాహక ప్రాంతపు వెంగే కలపలో నీటినాళాల రంధ్రాలు కంటికి కనిపించేంత పెద్దవి. పలుచని పూత రంధ్రం అంచుల మీదుగా వంతెనలా నిలుస్తుంది. లోపల చిక్కిన గాలి తరువాతి రాపిడి వేడికి వ్యాకోచించి బుడగగా మారుతుంది. ఆ బుడగ పగిలినచోట సూదిమొన వంటి గుంట మిగులుతుంది. చివరలో వాడే తెల్లని మెరుగు పదార్థం ఆ గుంటలలో చేరి, నల్లని కర్రపై తెల్లని చుక్కలుగా కనిపిస్తుంది. కడిగినా అది పోదు.

దీనికి పరిష్కారం రంధ్రాలను ముందుగా నింపడం. పలుచని సయనోఅక్రిలేట్ జిగురు పూసి, అది తడిగా ఉండగానే శాండ్ పేపరుతో రుద్దితే, అదే కర్ర పొడి జిగురుతో కలిసి రంధ్రాలను పూడుస్తుంది. రంగు కూడా కర్రతో కలిసిపోతుంది. రెండు మూడు సార్లు ఇలా చేసి, ఉపరితలం సమతలమైన తరువాతనే అసలు పూత ప్రారంభించాలి. రెండు రంగుల కర్రలు జతపరచిన కలానికి ఈ పద్ధతి తగదు. ముదురు పొడి లేత కర్ర రంధ్రాలలోకి చేరుతుంది.

జీబ్రావుడ్ వంటి కలపలో నార ఒక వరుసలో కుడికి, మరొక వరుసలో ఎడమకు వాలి అల్లుకొని ఉంటుంది. ఉలి ఏ దిశలో నడిచినా కొంతభాగం నార లేచి చిరుగుతుంది. ఆ చిరుగును పూత కప్పిపుచ్చదు. మెరుపు పెరిగేకొద్దీ మరింత స్పష్టంగా చూపుతుంది. అప్పుడే పదును పెట్టిన ఉలితో అతి పలుచని చెక్కుళ్లు తీయడమే దీనికి ఉపాయం. గరుకు పేపరుతో చిరుగును అరగదీసే ప్రయత్నంలో మెత్తని వరుసలు ఎక్కువగా అరిగి, ఉపరితలం అలలుగా తయారవుతుంది.

తేమ, వేడి, పగుళ్లు

కలప చుట్టూ ఉన్న గాలికి అనుగుణంగా తేమను గ్రహిస్తుంది, విడుస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సాపేక్ష ఆర్ద్రత 75 శాతం ఉంటే సాధారణ కలప సమతుల్య తేమ సుమారు 14 శాతం. ఆర్ద్రత 50 శాతమైతే సుమారు 9 శాతం. కోస్తా ప్రాంతపు పనిశాలలో తయారైన కలం ఏసీ గదిలోకి చేరితే తేమలో దాదాపు 5 శాతం మార్పు సంభవించవచ్చు.

దీని ప్రభావాన్ని లెక్కించవచ్చు. తేమ 28 శాతం నుండి సున్నాకు దిగినప్పుడు ఒక కలప స్పర్శరేఖ దిశలో 7 శాతం కుంచించుకొంటుందని అనుకొందాం. అప్పుడు 1 శాతం తేమకు సంకోచం 0.25 శాతం, 5 శాతానికి 1.25 శాతం. 12 మి.మీ. వ్యాసం గల కలం చుట్టుకొలత 37.7 మి.మీ. కనుక చుట్టూ నారకు స్పర్శరేఖ దిశలోనే ఉన్నట్లు భావిస్తే కుంచించుకోవలసిన పొడవు 0.47 మి.మీ. అయితే ఇత్తడి గొట్టం కుంచించుకోదు. ఆ అర మిల్లీమీటరు లోటు కర్రలో లాగుడు ఒత్తిడిగా మారి, నార వెంబడి నిలువు పగులుగా బయటపడుతుంది. కొకోబోలో సంకోచం తక్కువ. ఎబొని సంకోచం ఎక్కువ. ఎబొని, స్నేక్‌వుడ్ కలాలు పూత మెరుస్తుండగానే పగలడానికి కారణం ఇదే. ఖరీదైన దిమ్మెలకు చుట్టూ మైనం పూసి అమ్ముతారు కనుక, కొన్నప్పుడు అవి లోపల పచ్చిగానే ఉండే అవకాశం ఉంది.

తేమను ఓవెన్ పద్ధతిలో కనుగొనవచ్చు. దిమ్మె నుండి కోసిన చిన్న ముక్క తొలి బరువు 25.6 గ్రాములు, 103 డిగ్రీల వద్ద బరువు స్థిరపడేవరకు ఆరబెట్టిన తరువాత 22.4 గ్రాములు ఉన్నదనుకొంటే, తేమ శాతం (25.6 – 22.4) ÷ 22.4 × 100 = 14.3. నూనె అధికంగా గల కలపలో కొన్ని నిష్కర్షకాలు కూడా ఆవిరి కావడం వల్ల ఈ విలువ కొంత ఎక్కువగా రావచ్చు. పనిశాలలో ఇంతకంటే సులభమైన మార్గం, మైనాన్ని గీకివేసి దిమ్మెను వారానికొకసారి తూచడం. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే అది ఆ గదితో సమతుల్యానికి వచ్చినట్లు భావించవచ్చు. ముందుగా డ్రిల్లు చేసి, గొట్టం అతికించకుండా కొన్ని రోజులు ఉంచితే లోపలి తేమ త్వరగా పోతుంది; పగిలే దిమ్మె శ్రమ పెట్టకముందే పగులుతుంది.

వేడి వల్ల కలిగే నష్టం కూడా ఇంతే తీవ్రమైనది. 12 మి.మీ. వ్యాసం గల కలం నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే ఉపరితల వేగం సుమారు 94 మీటర్లు. 800 చుట్లకు తగ్గిస్తే 30 మీటర్లు. శాండ్ పేపరు పనికి తక్కువ వేగమే శ్రేయస్కరం. పేపరును పట్టుకొన్న వేలికి వేడి తగిలిందంటే కర్ర అంతకంటే ఎక్కువ వేడెక్కినట్లే. రాపిడి వేడితో కరిగించే లక్క, మైనపు మెరుగులు అంకుడు కర్రకు హితమైనప్పటికీ ఎబొనికి, స్నేక్‌వుడ్‌కు ప్రమాదకరం. డ్రిల్లు చేసేటప్పుడు కూడా తరచుగా పైకి తీసి పొట్టు తొలగించాలి.

పూత ఎంపిక

పూత ఏ విధంగా గట్టిపడుతుందన్న ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఎంపిక సులభమవుతుంది.

నూనె వార్నిష్ ఆక్సీకరణం వల్ల గట్టిపడుతుంది. కొకోబోలో, జిట్రేగి వంటి కలపపై నేరుగా వేయరాదు.

లక్క పాలిష్, నైట్రోసెల్యులోజ్ లాకర్ ద్రావణి ఆవిరి కావడం వల్ల మాత్రమే ఆరుతాయి. ఇందులో రాడికల్ చర్య లేదు కనుక ఫినాల్ సమ్మేళనాలు అడ్డుపడవు. మైనం తొలగించిన లక్కను పలుచగా రెండు పూతలు వేస్తే కర్రకు, పై పూతకు మధ్య అడ్డుగోడగా పనిచేస్తుంది. మోదుగ, రేగు, కుసుమ చెట్లపై పెరిగే లక్క పురుగు స్రావమే దీనికి మూలం. అయితే లక్క ఒక్కటే పైపూతగా కలానికి చాలదు. చెమటకు, స్పిరిట్‌కు అది తట్టుకోలేదు.

సయనోఅక్రిలేట్ ఉపరితలంపై గల తేమ, స్వల్ప క్షారగుణం వల్ల అయానిక చర్యతో గట్టిపడుతుంది. ఆమ్లగుణం దాన్ని మందగింపజేస్తుంది. గట్టిదనం, మెరుపు అధికం. చర్యను వేగపరచే ద్రవాన్ని ఎక్కువగా చల్లితే పూత నురుగుకట్టి తెల్లబడుతుంది. మందమైన ఒక్క పూత కంటే పలుచని అనేక పూతలు మేలు. చివరల వద్ద పూత బుష్‌కు అతుక్కొని, విడదీసేటప్పుడు లేచిపోతుంది. కీలు భాగంలో పదునైన కత్తితో గాటు పెట్టి విడదీయాలి.

శాండ్ పేపరును 150, 220, 320, 400, 600 అంకెల క్రమంలో వాడాలి. ప్రతి అంకె చివర లేత్ ఆపి, నార వెంట నిలువుగా రుద్దితే అడ్డుగీతలు పోతాయి. పూతకు ముందు కర్రను అంతకుమించి నున్నగా చేయడం గట్టి, నూనె కలపలో పూత పట్టును తగ్గిస్తుంది.

పరీక్ష ముక్క విధానం

దిమ్మె కోసినప్పుడు మిగిలిన ముక్కపై నాలుగు పరీక్షలు చేయవచ్చు.

1. నీటిచుక్క పరీక్ష: అప్పుడే రుద్దిన ఉపరితలంపై చుక్క పరుచుకొంటే పట్టు బాగుంటుంది, ముత్యంలా నిలిస్తే నూనె లేదా మైనం ఉన్నట్లు.
2. తెల్లగుడ్డ పరీక్ష: స్పిరిట్‌లో తడిపిన గుడ్డకు రంగు అంటితే వర్ణకం పారుతుంది.
3. సగం పూత పరీక్ష: ముక్కలో ఒక సగానికి లక్క అడుగు పూత వేసి, మరొక సగాన్ని వదలి, రెండింటిపై ఎంచుకొన్న పూత వేసి ఆరే సమయాన్ని పోల్చాలి.
4. గాటు పరీక్ష: ఆరిన పూతపై అడ్డంగా, నిలువుగా సన్నని గాట్లు పెట్టి, అంటుకొనే టేపు అతికించి ఒక్కసారిగా లాగాలి. గళ్లు ఊడివస్తే ఆ పద్ధతిని కలానికి వాడరాదు.

పట్టిక 1. కలప స్వభావం, లోపం, నివారణ

| కలప | ప్రధాన స్వభావం | కనిపించే లోపం | నివారణ |
|---|---|---|---|
| కొకోబోలో | ఫినాల్ సమ్మేళనాలు, నూనె | పూత ఆరకపోవడం | అసిటోన్, వెంటనే లక్క అడుగు పూత |
| లిగ్నమ్ వైటే | రెసిన్ అధికం | పూత పొరగా ఊడడం | తక్కువ వేగం, గాటు పరీక్ష. అవసరమైతే పూత లేకుండా మెరుగు |
| పడౌక్ | స్పిరిట్‌లో కరిగే వర్ణకం | రంగు పారడం | గాలితో ఊదడం, పిచికారీ |
| వెంగే | పెద్ద రంధ్రాలు | గుంటలు, తెల్ల చుక్కలు | రంధ్రాలు ముందుగా నింపడం |
| జీబ్రావుడ్ | అల్లుకొన్న నార | చిరుగులు | పదునైన ఉలి, పలుచని చెక్కుళ్లు |
| ఎబొని, స్నేక్‌వుడ్ | వేడికి, తేమ మార్పుకు లొంగడం | నిలువు పగుళ్లు | సమతుల్య తేమ, వేడి నివారణ |

ఆరోగ్య, చట్టపరమైన జాగ్రత్తలు

కలపను రక్షించే క్వినోన్లే చర్మానికి అలర్జీ కలిగిస్తాయి. కొకోబోలో, జిట్రేగి పొడి వల్ల కొందరికి దద్దుర్లు, దురద వస్తాయి. ఒకసారి మొదలైతే తరువాత స్వల్ప స్పర్శకే తిరగబెట్టవచ్చు. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మానవులకు క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. ధూళిని పీల్చివేసే ఏర్పాటు, తగిన మాస్కు తప్పనిసరి. సయనోఅక్రిలేట్ ఆవిరి కళ్లను మండిస్తుంది. నూలుగుడ్డపై అది పడితే తీవ్రమైన వేడి పుట్టి చేయి కాలవచ్చు. పూయడానికి కాగితపు తువ్వాలు వాడాలి. అసిటోన్ ఉన్నచోట నిప్పు ఉండరాదు.

డాల్బెర్జియా ప్రజాతి మొత్తం 2017 జనవరి 2 నుండి సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో చేరింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతకుముందు నుండే మొదటి అనుబంధంలో ఉన్నది. ఎర్రచందనం 1995 నుండి రెండవ అనుబంధంలో ఉన్నది. తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన ఎర్రచందనాన్ని రైతు తన పొలంలో పెంచినా, నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి అవసరం. కలం ఎంత చిన్నదైనా అందులోని కలప ఎక్కడి నుండి వచ్చిందో తెలిపే పత్రం భద్రపరచుకోవాలి.

ముగింపు

పైపూతలో లోపం కనిపించినప్పుడు మరో పూత వేయడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరం: కర్రలో పూతను ఆరనివ్వని పదార్థం ఉన్నదా, రంధ్రాలు నిండినాయా, తేమ స్థిరపడిందా? వీటిలో ఏ ఒక్కదానికి సరైన సమాధానం లభించకపోయినా, కొత్త పూత పాత లోపాన్నే కప్పి ఉంచుతుంది. విస్తరణ శిక్షణలో పూత పేర్లను బోధించడం కంటే ఈ మూడు గుణాలను పరీక్షించే అలవాటు నేర్పడం ప్రయోజనకరం. సర్కారు తుమ్మ, వేగిస, సిస్సూ వంటి స్థానిక కలప మిగులు ముక్కలకు కూడా ఇవే పరీక్షలు వర్తిస్తాయి. నీటిచుక్కకు, తెల్లగుడ్డకు, తూకానికి అయ్యే ఖర్చు స్వల్పం. దశాబ్దాల పాటు చెట్టులో కూడిన చేవ ఒక పూత పొరపాటు వల్ల వ్యర్థం కాకుండా ఆ స్వల్ప ఖర్చే కాపాడుతుంది.